పక్కన నిలబడే మనిషి

ఈ ఒక్కరోజుకు మీరు జాబ్ కోచ్. బుద్ధిమాంద్యం, ఆటిజం, డౌన్ సిండ్రోమ్ లాంటివి ఉన్న యువతీయువకులకు పని దొరికిన చోటికే వెళ్లి, ఆ పని చేతికి అలవాటయ్యేదాకా వాళ్ల పక్కన నిలబడటం మీ ఉద్యోగం. మీ సంచిలో ఒక నోటుబుక్కు, ఎర్ర పెయింటు డబ్బా, సన్న బ్రష్షు ఉన్నాయి. పొద్దున ఎనిమిదిన్నరకే ఎండ చురుక్కుమంటోంది. విజయవాడలో బందరు రోడ్డు మీద ఆటోనగర్ గేటు స్టాపులో నిలబడి, కంకిపాడు వైపు నుంచి వచ్చే బస్సు కోసం చూస్తున్నారు.

బస్సు ఆగుతుంది. ముందు ఇరవై రెండేళ్ల కుర్రాడు దిగుతాడు, వెనకాల వాళ్లమ్మ. అతనికి ఇక్కడ పేరు పెట్టడం లేదు. పెనమలూరు, ఉయ్యూరు, పామర్రు, ఈ దారిలో ఏ ఊళ్లో దిగినా అలాంటి బిడ్డ ఉన్న ఇల్లు ఉంటుంది. “ఇవాళ పాసు తనే తీసి కండక్టరుకు చూపించాడండీ” అంటుంది తల్లి. ఆ మాట ఇంకోసారి కూడా చెబుతుంది.

పోయిన వారం మీరు అతనికి పని నేర్పలేదు, బస్సు నేర్పారు. కండక్టరు అరిచినప్పుడు దిగడం సరిపోదు, ఆ రద్దీలో అరుపు వినపడకపోవచ్చు. కిటికీలోంచి ఎర్రబోర్డు బంకు కనపడగానే లేవాలి, కడ్డీ పట్టుకుని తలుపు దగ్గరికి నడవాలి. మొదట పక్క సీట్లో కూర్చున్నారు, తర్వాత రెండు సీట్లు వెనక్కి జరిగారు, ఆ తర్వాత బస్సెక్కకుండా స్టాపులో నిలబడ్డారు. ఉద్యోగం అంటే షాపులో చేసే పని ఒక్కటే కాదు. ఇంటి గడప దాటి షాపు గడప తొక్కే దారి అంతా ఉద్యోగమే. ఆ దారి నేర్పకపోతే ఎంత మంచి పని దొరికినా వారం రోజుల్లో చేజారిపోతుంది.

గేటు దాటి లోపలికి నడుస్తారు. జవహర్ ఆటోనగర్ 1960లలో మొదలైంది. లారీకి ఏ జబ్బు చేసినా ఇక్కడ ఒక వైద్యుడు ఉంటాడు. ఒక వీధిలో చెక్కా ఇనుమూ కలిపి బాడీలు కడుతుంటారు. ఇంకో వీధిలో కమాన్ కట్టలు ఎర్రగా కాలుతుంటాయి. లేతుల మీద ఇనుము ఉంగరాలు ఉంగరాలుగా చెక్కుకుపోతుంటుంది. డీజిలూ, గ్రీజూ, కాలిన రబ్బరూ, అప్పుడే పోస్తున్న టీ, అన్ని వాసనలూ కలిసి ముక్కుకు తగులుతాయి.

మలుపు దగ్గర టింకరింగ్ షాపు. రేకు మీద సుత్తి దెబ్బ పడగానే కుర్రాడు రెండు చెవులూ మూసుకుని ఆగిపోతాడు. మీరు చేయి పట్టి లాగరు, ధైర్యం చెప్పరు. పక్క సందు వైపు చూపిస్తారు. ఆ సందులోంచి వెళ్తే నాలుగడుగులు ఎక్కువ, కానీ సుత్తి చప్పుడు దూరంగా వినిపిస్తుంది. నోటుబుక్కులో దారి మార్చి రాసుకుంటారు. షాపును ఎంచింది కూడా ఇలాగే. టింకరింగ్ వద్దు, గ్యాస్ వెల్డింగ్ వద్దు, కస్టమర్లతో గబగబా మాట్లాడాల్సిన స్పేర్ పార్టుల కౌంటరు వద్దు. అతనికి వస్తువులు వరసగా పేర్చడం ఇష్టం. ఇంట్లో గ్లాసులు ఒకటి అటూ ఇటూ అయితే సర్దేదాకా కూర్చోడు. ఆ ఇష్టానికి సరిపోయే చోటు కోసం వెతికితే లారీ బ్రేకుల షాపు దొరికింది.

షాపు ముందు నీళ్లు చల్లి, ఊదొత్తి వెలిగించి ఉంది. లోపల ఒక లారీ వెనక ఇరుసు జాకీల మీద లేచి ఉంది, చక్రాలు పక్కన పడుకోబెట్టి ఉన్నాయి. మేస్త్రి చేతులు తుడుచుకుంటూ వచ్చి తల్లిని అడుగుతాడు: “ఏమ్మా, మీవాడు పొద్దస్తమానం ఉండగలడా?”

“అతన్నే అడగండి మేస్త్రి గారూ,” అంటారు మీరు. “చిన్నగా అడిగి, కాసేపు ఆగండి.”

మేస్త్రి అతని వైపు తిరుగుతాడు. “పని చేస్తావా తమ్ముడూ?”

జవాబు రాదు. మేస్త్రి మళ్లీ నోరు తెరవబోతుంటే మీరు చెయ్యెత్తి ఆపుతారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. కుర్రాడు ఇరుసు వైపు చూస్తూనే “చేస్తా” అంటాడు. ఆ అయిదు అంకెల మౌనం ఓర్చుకోలేక ఎంతమంది యజమానులు, ఎంతమంది డాక్టర్లు, ఎంతమంది చుట్టాలు ఇలాంటి పిల్లల తరఫున జవాబులు వాళ్లే చెప్పేశారో!

తల్లి టీకొట్టు దగ్గర స్టూలు వేసుకుని సాయంత్రం దాకా కూర్చుంటానంటుంది. ఇంటికి వెళ్లమంటారు మీరు. ఆవిడ భయాలు మీకు తెలుసు. మిషన్లో చెయ్యి పడుతుందేమో, ఎవరైనా ఏడిపిస్తారేమో, జీతం వస్తుందని తెలిస్తే పింఛను తీసేస్తారేమో. ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను 2024 జులై నుంచి నెలకు 6,000 రూపాయలు అయింది. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ చేతికి వచ్చేదాకా ఆసుపత్రి వరండాల్లో నిలబడిన తల్లికి ఆ డబ్బు ఎంత గట్టి ఆసరానో ఎవరూ చెప్పనక్కర్లేదు. నిలకడ తెలియని ఉద్యోగం కోసం నిలకడగా వచ్చే డబ్బును పణంగా పెట్టమని మీరు ఆవిడకు చెప్పలేరు. పనిలో చేరినా పింఛనుకు ఢోకా లేదని రాతపూర్వకంగా చెప్పగలిగినవాళ్లు చెబితేనే ఇలాంటి ఇళ్ల తలుపులు తెరుచుకుంటాయి.

ఈ నాలుగేళ్లూ అతను ఇంట్లోనే ఉన్నాడు. అంతకు ముందు మండలంలోని భవిత కేంద్రానికి వెళ్లాడు. అక్కడ ప్రత్యేక ఉపాధ్యాయులు రంగులు, అంకెలు, చొక్కా గుండీలు పెట్టుకోవడం నేర్పారు. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు ఆరేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల వరకు ఉచిత చదువు హక్కని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం చెబుతుంది. పద్దెనిమిది నిండిన మర్నాడు ఏమిటి? తోటి పిల్లలు పాలిటెక్నిక్‌కో, హైదరాబాదుకో వెళ్లిపోతారు. ఇతను టీవీ ముందు కూర్చుంటాడు. నేర్చుకున్న అంకెలు వాడకం లేక జారిపోతాయి. 2011 జనాభా లెక్కల్లో దేశంలో 2.68 కోట్ల మంది దివ్యాంగులు తేలితే, వాళ్లలో 15 లక్షల మందికి పైగా బుద్ధిమాంద్యం కింద నమోదయ్యారు. బడి ముగిసిన రోజుకీ పని మొదలయ్యే రోజుకీ మధ్య ఉన్న ఈ ఖాళీలోనే వాళ్లలో చాలామంది పెద్దవాళ్లయిపోతారు.

ఇక పని. లారీ చక్రం విప్పి డ్రమ్ము లాగితే లోపల రెండు బ్రేకు షూలు, వాటి మీద రివెట్లతో బిగించిన లైనర్లు, షూలను తోసే రోలర్లు, వెనక్కి లాగే స్ప్రింగు, పట్టి ఉంచే పిన్నులు కనపడతాయి. ఒక చక్రానికి సంబంధించినవి ఇంకో చక్రానివాటితో కలిసిపోకూడదు. వాటిని డీజిల్లో కడిగి, తుడిచి, వరసగా పేర్చి ఇచ్చే మనిషి లేకపోతే మేస్త్రి చేతిలో పానా ఆగిపోతుంది. అదే ఈ కుర్రాడి పని.

ఆ పనిని మీరు ముందుగానే మీ చేతులతో చేసి చూశారు. కడగడం అని మనం ఒక్క మాటలో అనేస్తాం. అందులో ఎన్ని చిన్న పనులున్నాయో చేస్తేనే తెలుస్తుంది. గ్లౌజులు తొడగాలి. రోలరు తీసుకోవాలి. ట్రేలో ముంచాలి. బ్రష్షుతో చుట్టూ తోమాలి. తిప్పి రెండో వైపు తోమాలి. పైకెత్తి కారనివ్వాలి. వేస్టు గుడ్డతో తుడవాలి. చేత్తో తిప్పి చూడాలి. ఎండు ట్రేలో దాని చోట పెట్టాలి. వీటిలో ఏది తప్పినా పని చెడుతుంది, చూసేవాళ్లు మాత్రం “వీడికి రాదు” అనేస్తారు. రానిది ఆ ఒక్క మెట్టు అని కనిపెట్టడం కోచ్ పని.

సంచిలోంచి ఎర్ర పెయింటు తీస్తారు. ఎండు ట్రే అడుగున ఒక్కో భాగం ఆకారం గీస్తారు. ఇక్కడ రోలరు, ఇక్కడ పిన్ను, ఇక్కడ స్ప్రింగు. ఈ ఎర్ర రంగు వెనక ఒక చరిత్ర ఉంది, అదీ బ్రేకుల చరిత్రే. అమెరికాలో ఇలినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్క్ గోల్డ్ 1972లో ఒక అధ్యయనం ప్రచురించాడు. తీవ్రమైన బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లు ఇంత చిక్కైన పని నేర్వలేరని అందరూ అనుకుంటున్న కాలం అది. ఆయన మధ్యస్థ, తీవ్ర స్థాయి బుద్ధిమాంద్యం ఉన్న 64 మందికి 15 ముక్కల సైకిలు బ్రేకును బిగించడం నేర్పాడు. వాళ్లలో సగం మందికి ఇచ్చిన బ్రేకుల్లో, ప్రతి ముక్కా సరిగ్గా పెట్టినప్పుడు పైకి కనపడే వైపు ఎర్ర రంగు పూశాడు. ఆ తర్వాత 24 ముక్కల బ్రేకు ఇచ్చాడు. దాదాపు అందరూ నేర్చుకున్నారు. ఎదుటివాడు నేర్వలేకపోతే లోపం వాడిలో వెతక్కు, నేర్పే తీరు మార్చి చూడు అన్నది ఆయన పద్ధతికి ప్రాణం. యాభై ఏళ్ల కిందట సైకిలు బ్రేకుతో తేలిన ఆ సంగతిని ఇవాళ మీరు లారీ బ్రేకు ముందు కూర్చుని అమలు చేస్తున్నారు.

మొదటి రోలరు. అతని వెనక నిలబడి, రెండు చేతులూ పట్టి చేయిస్తారు. రెండోది మీరు చేసి చూపిస్తారు, అతను చేస్తాడు. ఆ తర్వాత వేలితో చూపిస్తారు. ఆ తర్వాత చూపుతో. మాటలు తక్కువ. “బాగుంది, శెభాష్, అలా కాదు, ఇలా” అని గుక్క తిప్పుకోకుండా మాట్లాడితే అతను పనిని వదిలి మీ నోటినే చూస్తాడు. సరిగ్గా చేస్తున్నంతసేపూ మౌనమే మీ మెప్పు.

పదకొండు గంటలకు తప్పు జరుగుతుంది. పిన్ను చోట రోలరు పెడతాడు. గీతకూ వస్తువుకూ పొసగదు. అతని చెయ్యి ఆగుతుంది. మీ వైపు చూస్తాడు. చెప్పేయాలని మీ నాలుక చివర మాట ఆడుతుంది. ఆపుకుంటారు. అతను మళ్లీ ట్రే చూస్తాడు, రోలరు తీసి దాని గీతలో పెడతాడు. నోటుబుక్కులో ఆ మెట్టు ఎదురుగా “సాయం లేకుండా” అని రాసి టైము వేస్తారు.

మరో పావుగంటకు, లారీ కింద పడుకున్న మేస్త్రి కేకేస్తాడు: “ఒరేయ్, ఆ స్ప్రింగూ, ఆ రెండు పిన్నులూ, వేస్టూ అందుకో, త్వరగా రా!” కుర్రాడు బిగుసుకుపోతాడు. చేతిలోది జారిపోతుంది. ఇప్పుడు మీరు నేర్పాల్సింది అతనికి కాదు. మేస్త్రి పక్కన వంగి నెమ్మదిగా చెబుతారు: “ఒక్కొక్కటి అడగండి మేస్త్రి గారూ. ముందు స్ప్రింగు అనండి, వచ్చాక పిన్ను అనండి.” మేస్త్రి కాసేపు మీవైపు చూసి, “స్ప్రింగు” అంటాడు. స్ప్రింగు వస్తుంది. “పిన్ను.” పిన్ను వస్తుంది. కాసేపటికి మేస్త్రి ఇంకో హెల్పరుతో కూడా అలాగే అడగడం మీరు గమనిస్తారు. అక్షరం రాని కుర్రాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని, పానా సైజు చేత్తో తడిమి చెప్పేదాకా తీర్చిదిద్దిన చోటు ఇది. చేస్తూ నేర్చుకోవడం ఆటోనగర్‌కు ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. కావాల్సిందల్లా, ఇంకొంచెం నెమ్మదిగా నేర్పే తీరిక.

మధ్యాహ్నం క్యారియర్లు తెరుస్తారు. పక్క షాపు కుర్రాడు ఒకడు అతని నడకను అనుకరించి నవ్వుతాడు. మీరు లేచి కేకలేస్తే ఇవాళ్టికి ఆగుతుంది, మీరు రాని రోజున మళ్లీ మొదలవుతుంది. అందుకే మీ చూపు ఆ కుర్రాడి మీద కన్నా, ఈ షాపు సీనియర్ హెల్పరు మీద ఉంటుంది. అతను తన డబ్బాలోంచి పచ్చడి తీసి ఈ కుర్రాడి అన్నంలో వేసి, “మావాడితో నీకేంట్రా?” అంటాడు. ఆ “మావాడు” అన్న మాటతో మీ పనిలో సగం అయిపోయింది. కోచ్ వెళ్లిపోయాక కూడా ఉండేది తోటి పనివాడే. గ్లౌజులు వేసుకోమని గుర్తు చేసేవాడు, బస్సు తప్పితే ఇంటికి ఫోన్ చేసేవాడు ఆ పనివాళ్లలోంచే రావాలి.

భోజనాలయ్యాక నేల మీద పసుపు గీత గీస్తారు. రివెట్లు కొట్టే ప్రెస్సు, గ్రైండరు ఆ గీతకు అవతల. డ్రమ్ములోంచి రాలిన దుమ్మును నోటితో గానీ గాలిపైపుతో గానీ ఊదకూడదు, తడిగుడ్డతో తుడవాలి, మాస్కు ఉండాలి. గీతలు అతని కోసం గీశారు, మాస్కు అతని కోసం తెచ్చారు. కానీ ఆ దుమ్ము అందరి ఊపిరితిత్తుల్లోకీ పోతుంది. అతని కోసం చేసిన మార్పు షాపులో ప్రతి మనిషికీ పనికొస్తుంది.

టీ తాగుతూ మేస్త్రి అడుగుతాడు: “ఇలాంటివాళ్లను పెట్టుకుంటే గవర్నమెంటు ఏమన్నా ఇస్తుందాండీ?”

తెలిసింది చెబుతారు. 1995 నాటి దివ్యాంగుల చట్టం ప్రభుత్వ ఉద్యోగాల్లో 3 శాతం కేటాయించినా అది అంధులకు, వినికిడి లోపం ఉన్నవాళ్లకు, శారీరక వైకల్యం ఉన్నవాళ్లకే దక్కింది. 2016 చట్టం దాన్ని 4 శాతం చేసి, ఆటిజం, బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లకు కూడా అందులో చోటిచ్చింది. ప్రైవేటు యజమానులు తమ సిబ్బందిలో కనీసం 5 శాతం దివ్యాంగులను తీసుకునేలా ప్రభుత్వాలు ప్రోత్సాహకాలు ఇవ్వాలని అదే చట్టంలోని 35వ సెక్షన్ చెబుతుంది. యజమాని కట్టాల్సిన పీఎఫ్, ఈఎస్ఐ వాటాను మూడేళ్లపాటు తానే భరించే పథకాన్ని కేంద్రం 2008లో తెచ్చింది. సమాన అవకాశాల విధానంలో పూర్తి వివరాలన్నీ రాసిపెట్టాలన్న నిబంధన 20 మంది, ఆపైన పనిచేసే ప్రైవేటు సంస్థలకు వర్తిస్తుంది.

మేస్త్రి తన షాపు వైపు చూస్తాడు. అతనితో కలిపి అయిదుగురు. పీఎఫ్ మాట ఆ షాపులో ఎప్పుడూ వినపడలేదు. చట్టం మాట్లాడే భాష పెద్ద ఫ్యాక్టరీకి తగినట్టు ఉంటుంది. ఇలాంటి కుర్రాడికి అందుబాటులో ఉన్న పని మాత్రం బస్సు స్టాపుకు నడిచేంత దూరంలో ఉన్న ఇలాంటి చిన్న షాపులోనే ఉంటుంది.

“నాకు సబ్సిడీ వద్దులెండి,” అంటాడు మేస్త్రి చివరికి. “లారీ టయానికి రోడ్డెక్కాలి. మీరుంటే పని జరుగుతోంది. మీరెన్నాళ్లు వస్తారు?”

రోజంతా ఎవరూ అడగని అసలు ప్రశ్న ఇదే. మీరు రోజూ కొన్ని వారాలు రావాలి. తర్వాత పూట మాత్రమే, తర్వాత వారానికోసారి, తర్వాత ఫోను. మేస్త్రి మారినా, పని మారినా, ఇంట్లో ఏదైనా జరిగినా మళ్లీ కొన్నాళ్లు రావాలి. మీరు రావడం తగ్గుతున్న కొద్దీ మీ పని ఫలించినట్టు. అయితే అన్నాళ్లు మీకు జీతం ఎవరిస్తారు?

ఈ విద్య మనకు తెలియనిది కాదు. సికింద్రాబాద్ బోయినపల్లిలోని మనోవికాస్ నగర్‌లో, బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల కోసం 1984లో కేంద్రం ఏర్పాటు చేసిన జాతీయ సంస్థ ఉంది. ఒకప్పుడు ఎన్ఐఎంహెచ్, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ. బడి నుంచి పనిలోకి వెళ్లే దారి మీద అక్కడి నిపుణులు త్రేసియాకుట్టి, గోవిందరావు రాసిన మార్గదర్శిని 2001లోనే వచ్చింది. శిక్షణ పొందినవాళ్లు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. కొవ్వొత్తులు, ఫైళ్లు, కాగితపు సంచులు చేయించే కేంద్రాలూ ఉన్నాయి. కానీ కేంద్రంలో నేర్చుకున్న కొవ్వొత్తి పని బయట ఎక్కడా ఉద్యోగంగా దొరక్క, ముప్పై ఏళ్లు వచ్చినా ఇంకా “శిక్షణలోనే” ఉన్నవాళ్లు ఎందరో. ముందు నేర్పి తర్వాత పని వెతకడం కాదు, ముందు పనిలో పెట్టి అక్కడే నేర్పాలి. ప్రపంచమంతా సపోర్టెడ్ ఎంప్లాయ్‌మెంట్ పేరుతో నిలబడిన పద్ధతి అదే. దానికి భవనం అక్కర్లేదు, మిషన్లు అక్కర్లేదు. ఒక మనిషి కావాలి.

సాయంత్రం నోటుబుక్కు మేస్త్రి ముందు పెడతారు. పాత హెల్పరు గంటలో ఎన్ని ట్రేలు ఇస్తాడు, ఇతను ఎన్ని ఇచ్చాడు, ఎక్కడ సాయం కావాల్సి వచ్చింది, అన్నీ అందులో ఉన్నాయి. జీతం మాట ఇవాళే తేలాలి. “కాలక్షేపానికి వస్తున్నాడుగా, టీ ఖర్చులు ఇద్దాం” అనే మాటకు మీరు ఒప్పుకోరు. హెల్పరు పనికి హెల్పరు కూలి. డబ్బు అతని పేరు మీద ఉన్న బ్యాంకు ఖాతాలో పడాలి. అందులోంచి ఎంత తీయాలో, దాంతో ఏం కొనాలో తల్లి సాయంతో అతనే నిర్ణయించుకోవాలి. తన డబ్బుతో తనే ఒక చొక్కా ఎంచుకోవడం కూడా ఉద్యోగంలో భాగమే.

అందరూ ఈ షాపుకు సరిపోరు. ఎక్కువ సాయం అవసరమైనవాళ్లకు పగటిపూట చూసుకునే కేంద్రాలు కావాలి. ఆటోనగర్ వీధుల్లోకి ఆడపిల్లను పంపడానికి తల్లిదండ్రులు జంకుతారు. ఆమెకు ప్యాకింగో, హోటల్ వంటగదో, ఆసుపత్రి లాండ్రీయో వెతకాలి. అక్కడా మీలాంటి ఒకరు పక్కన నిలబడాలి.

అయిదున్నరకు అతను గ్లౌజులు విప్పి, ఎండు ట్రే తుడిచి, ఎర్ర గీతలు మరోసారి చూసుకుని బయటికి వస్తాడు. మేస్త్రి “రేపు తొమ్మిదింటికి” అని అతనికే చెబుతాడు. మీరు పక్క వీధిలోకి నడుస్తారు. అక్కడ రేడియేటర్ల షాపు ఒకటుంది, దాని యజమానితో రేపు మాట్లాడాలి. ఒక కోచ్ నాలుగైదు షాపుల మధ్య తిరగగలడు. ఆ కోచ్ జీతంలో కొంత దివ్యాంగుల సంక్షేమ శాఖ, కొంత ఆటోనగర్‌లోని వ్యాపార సంఘాలు, లారీ ఓనర్ల సంఘాలు కలిసి భరిస్తే, కంకిపాడు బస్సులో రోజూ ఇంకొందరు పాసు తీసి చూపిస్తారు. లక్షల రూపాయల ఇంజన్లు విప్పి మళ్లీ బిగించే ఈ ఊరికి అది భారం కాదు. “మీరెన్నాళ్లు వస్తారు?” అని మేస్త్రి అడిగినదానికి కలెక్టరేటూ, సంఘాలూ కలిసి కూర్చుని జవాబు చెప్పాలి. ఆ జవాబు ఈ ఏడే రావాలి. ఇంట్లో టీవీ ముందు కూర్చున్నవాళ్ల వయసు ఆగదు.